ఎమ్మెస్‌లో ఒక్క క్రెడిట్ తక్కువైంది: స్విమ్మింగ్ క్లాసుతో నింపుకోవచ్చా?

అమలాపురం_అబ్బాయి

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చదువుతున్నాను. వచ్చే ఫాల్ సెమిస్టర్‌కి రెండు కోర్సులు దొరికాయి, అంటే 6 క్రెడిట్లు. ప్రాజెక్టుకి ప్రొఫెసర్ గారు 2 ఇస్తానన్నారు. మొత్తం 8. మా దగ్గర ఫుల్ టైమ్ అంటే 9. మూడో కోర్సు పెట్టుకుంటే ప్రాజెక్టు సాగదు, పైగా డబ్బు.

కాటలాగ్ తిరగేస్తుంటే కైనీసియాలజీ (వ్యాయామ శాస్త్రం) డిపార్ట్‌మెంట్ కింద ఒక్క క్రెడిట్ క్లాసులు కనిపించాయి. బౌలింగ్, వెయిట్ ట్రైనింగ్, యోగా, టెన్నిస్, బిగినర్స్ స్విమ్మింగ్. కోనసీమలో పుట్టానన్న మాటే గానీ నాకు ఈత రాదు. కాలవ దగ్గరికి వెళ్తే మా నాన్నమ్మ కాళ్లు విరగ్గొడతాననేది. ఇప్పుడు ఆ స్విమ్మింగ్ తీసుకుంటే ఈతా వస్తుంది, క్రెడిట్టూ వస్తుంది కదా అనిపించింది. రూమ్మేట్లు ఒకటే నవ్వు, "అమెరికా వచ్చి డ్రిల్లు పీరియడ్‌కి డాలర్లు కడతావా" అని. ఎవరైనా తీసుకున్నారా? వీసా లెక్కలోకి వస్తుందా? గ్రేడ్ ఎలా ఇస్తారు?

నిద్రలేని_కోడర్

కళ్లు మూసుకుని తీసుకో తమ్ముడూ. నేను బౌలింగ్ తీసుకున్నాను. వారానికి రెండు పూటలు, స్టూడెంట్ యూనియన్ బిల్డింగ్ కింద ఉన్న లేన్లలోనే. ఎన్ని పిన్నులు పడగొట్టామో చూసి గ్రేడ్ ఇవ్వరు. వచ్చామా, ఆడామా, స్కోరు ఎలా లెక్కేస్తారో చిన్న క్విజ్ రాశామా, అంతే. నాకు 'ఏ' గ్రేడే వచ్చింది. అసైన్‌మెంట్లతో బుర్ర వేడెక్కి ఉన్నప్పుడు ఆ గంటతో ప్రాణం లేచొచ్చేది. లేన్ ఫీజు అని ట్యూషన్ మీద వేరేగా కొంత పడుతుంది, అది మాత్రం చూసుకో.

రూమ్మేట్ల మాట పట్టించుకోకు. వచ్చే ఏడాది వాళ్లే లింకు అడుగుతారు.

రిజిస్ట్రార్_పక్క_సీటు

నేను వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ విద్యార్థుల ఎన్‌రోల్‌మెంట్ ఫైళ్లు చూస్తాను. గ్రేడ్ వరకు కోడర్ గారు చెప్పింది సరే. కానీ కళ్లు మాత్రం మూసుకోవద్దు బాబూ.

ముందు వీసా. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) నియమాల్లో బ్యాచిలర్స్ చదివేవాళ్లకి సెమిస్టర్‌కి 12 అని అంకె రాసి ఉంది. గ్రాడ్యుయేట్లకి అలాంటి అంకె లేదు. ఏది ఫుల్ టైమో యూనివర్సిటీయే చెప్పాలి. అందుకని మీ గ్రాడ్యుయేట్ స్కూలు రూల్లో "9 క్రెడిట్లు" అని ఉందా, "9 గ్రాడ్యుయేట్ స్థాయి క్రెడిట్లు" అని ఉందా చూడండి. ఆ ఒక్క మాట మీదే అంతా ఆధారపడి ఉంది. ఈ యాక్టివిటీ క్లాసులన్నిటికీ దాదాపు ఎప్పుడూ అండర్‌గ్రాడ్ నంబరే ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు ఏ స్థాయి క్రెడిట్ అయినా ఫుల్ టైమ్ లెక్కలో కలుపుతాయి, కొన్ని అస్సలు ఒప్పుకోవు. ఫ్రెండ్‌కి వేరే చోట ఒప్పుకున్నారని నీకు ఒప్పుకోరు.

డిగ్రీ లెక్క వేరు. ఫుల్ టైమ్‌కి కలిపినా సరే, నీ ఎమ్మెస్‌కి కావాల్సిన 30 లేదా 33లో ఈ ఒకటి కలవదు. జీపీఏలో కూడా చాలా చోట్ల కలవదు. అంటే 'ఏ' గ్రేడ్ వచ్చినా జీపీఏ పెరగదు, 'ఎఫ్' (ఫెయిల్) వస్తే మాత్రం ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపిస్తుంది.

టీఏ, ఆర్ఏ (టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్) ఉద్యోగాలు ఉన్నవాళ్లు ఇంకో విషయం అడగాలి. చాలా ట్యూషన్ వేవర్లు (ఫీజు మాఫీలు) డిగ్రీకి పనికొచ్చే కోర్సులకే వర్తిస్తాయి. స్విమ్మింగ్‌కి బిల్లు నీ చేతికే వస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మధ్యలో నచ్చలేదని ఆ ఒక్క క్రెడిట్ డ్రాప్ చేస్తే మళ్లీ 8కి పడతావు. ఇంటర్నేషనల్ ఆఫీసు ముందుగా అనుమతి ఇవ్వకుండా ఫుల్ టైమ్ కంటే కిందికి పడితే స్టేటస్‌కే ముప్పు. "ఒక్క క్రెడిట్టే కదా" అని డ్రాప్ బటన్ నొక్కి, తర్వాత మా కౌంటర్ దగ్గరికి ఏడుపు మొహాలతో వచ్చినవాళ్లని చూశాను.

ఇంతకీ ఇది నీ చివరి సెమిస్టరా? చివరిదైతే, డిగ్రీకి కావాల్సినవే తక్కువ మిగిలితే, ఇంటర్నేషనల్ ఆఫీసు రెడ్యూస్డ్ కోర్స్ లోడ్, అంటే తక్కువ క్రెడిట్లతో చదివే అనుమతి, ఇవ్వగలదు. అప్పుడు ఈ తిప్పలే అక్కర్లేదు.

అమలాపురం_అబ్బాయి

చాలా థాంక్స్ అండీ. చివరిది కాదు, ఇంకో సెమిస్టర్ ఉంది. రెండు ఆఫీసులకీ మెయిల్ పెడతాను. నా రెండు కోర్సుల్లో ఒకటి ఆన్‌లైన్. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

రిజిస్ట్రార్_పక్క_సీటు

ఉంది. ఫుల్ టైమ్ లెక్కలో ఒక సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్ల వరకే చెల్లుతుంది. నీది అక్కడికి సరిపోయింది. కాబట్టి తొమ్మిదో క్రెడిట్ క్యాంపస్‌కి వెళ్లి చేసేదే అయ్యుండాలి. ఇప్పుడు కొన్ని చోట్ల "ఫిట్‌నెస్ వాకింగ్" లాంటివి పూర్తిగా ఆన్‌లైన్‌లో పెడుతున్నారు, నడిచి వాచీ డేటా అప్‌లోడ్ చేయడం. అది తీసుకుంటే లెక్క తప్పుతుంది. ఈత ఆన్‌లైన్‌లో నేర్పరు కాబట్టి నీకు భయం లేదు.

రెండో_షిఫ్ట్

ఒక్కటి అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. బ్యాచిలర్స్ పిల్లలకి చాలా చోట్ల 12 నుంచి 18 క్రెడిట్ల వరకు ఒకటే ట్యూషన్. వాళ్లకి టెన్నిస్ అయినా టైక్వాండో అయినా ఉచితమే. ఎమ్మెస్ వాళ్లు క్రెడిట్ లెక్కన కడతారు. రాష్ట్రం బయటివాళ్ల రేటు వెయ్యి డాలర్లు దాటే చోట్లు కూడా ఉన్నాయి. మీ అమ్మానాన్నలు అప్పు చేసి పంపిన డబ్బుతో ఈత నేర్చుకుంటావా? ప్రతి సెమిస్టర్ ఫీజులో రెక్ సెంటర్ (క్యాంపస్ జిమ్, పూల్) ఫీజు ఎలాగూ పట్టుకుంటున్నారు. ఆ స్విమ్మింగ్ పూల్ నీదే, వెళ్లి దూకు. లేదా ఊళ్లో వైఎంసీఏలో పెద్దవాళ్ల క్లాసుకి వెళ్తే ఇందులో చాలా చిన్న వంతు అవుతుంది.

ఆ ఒక్క క్రెడిట్‌కి డిపార్ట్‌మెంట్ సెమినారో, ప్రాజెక్టునే 3కి పెంచమనడమో చూడు. డబ్బు అంతే అయినా డిగ్రీకైనా పనికొస్తుంది.

వరంగల్_పిల్ల

రెండో షిఫ్ట్ అన్నా, లెక్క కరెక్టే చెప్పారు, కానీ "వెళ్లి దూకు" అన్నారు చూశారా, సమస్యంతా అక్కడే ఉంది. ఈత రానివాళ్లు ఒక్కరే వెళ్లి దూకలేరు. మూడడుగుల నీళ్లలో గోడ పట్టుకుని పదినిమిషాలు నిలబడి, పక్క లేన్‌లో పదేళ్ల పిల్లలు చేపల్లా పోతుంటే చూసి, సిగ్గేసి బయటికొస్తారు. నేనూ అలా వచ్చినదాన్నే. క్లాసు అంటే తేడా ఏమిటంటే, రాకపోతే గ్రేడ్ పోతుంది. నాలాంటివాళ్లకి ఆ బెదిరింపు కావాలి.

నేను బిగినర్స్ స్విమ్మింగ్ తీసుకున్నాను, అందుకని వివరంగా రాస్తాను. మొదటి రోజు ఇన్‌స్ట్రక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్లలో మొహం పెట్టడానికి ఎవరికి భయం?" సగం చేతులు లేచాయి. అందులో అమెరికన్లూ ఉన్నారు, మన ఒక్కళ్లకే రాదనుకోవడం తప్పు. మొదట్లో ఈత అన్న మాటే లేదు. నీళ్లలో ఊపిరి వదిలి బుడగలు తెప్పించడం, గోడ పట్టుకుని మునిగి లేవడం, తర్వాత వెల్లకిలా తేలడం. తేలడమే అన్నిటికంటే కష్టం. చెవుల్లోకి నీళ్లు వెళ్లగానే మెడ పైకెత్తుతాం, మెడ ఎత్తగానే నడుము కిందికి దిగిపోతుంది. ఇన్‌స్ట్రక్టర్ మా తల కింద రెండు వేళ్లు పెట్టి పట్టుకునేది, ఎప్పుడు తీసేసిందో తెలిసేది కాదు.

ఆ తర్వాత కిక్‌బోర్డు పట్టుకుని కాళ్లాడించడం, పక్కకి తల తిప్పి ఊపిరి తీసుకోవడం. సెమిస్టర్ చివరికి లోతు వైపు దిగి, నిలువుగా నీళ్లు తొక్కుతూ ఉండాలి. చివరి పరీక్ష: లోతులోకి దూకాలి, ఒక నిమిషం తేలాలి, వెల్లకిలా తిరగాలి, ఆ చివరి వరకు ఒక లెంగ్త్ ఈదాలి. మన పద్ధతి ఎంత వికారంగా ఉన్నా గడ్డకి చేరితే చాలు. వేగానికి మార్కుల్లేవు. గ్రేడ్‌లో సగం పైన హాజరే. రెండు ఆబ్సెంట్ల వరకు ఊరుకున్నారు, ఆ పైన ఒక్కోదానికీ గ్రేడ్ తగ్గించారు. సులువైన 'ఏ' గ్రేడ్ అనుకుని చేరినవాళ్లకి 'బీ'లు వచ్చింది ఇక్కడే, ఈత రాక కాదు.

అమ్మాయిలు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం ఇది. స్విమ్‌సూట్ అంటే టీవీలో చూసేదే వేసుకోవాలని లేదు. ఫుల్ స్లీవ్ రాష్ గార్డ్ (ఈత చొక్కా), కాళ్లకి స్విమ్ లెగ్గింగ్స్ వేసుకుని క్లాసంతా చేశాను, ఎవరూ ఒక్క మాట అనలేదు. కాటన్ టీషర్టు మాత్రం ఒప్పుకోరు, నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. నెలసరి రోజులకి మేకప్ క్లాసు (తప్పినదానికి బదులు క్లాసు) ఉంటుందా అని మొదటి వారంలోనే మెయిల్‌లో అడిగేయండి, సిగ్గు పడొద్దు, వాళ్లకి అలవాటైన ప్రశ్నే. జుట్టుకి పూల్‌లో దిగేముందే మామూలు నీళ్లు పట్టించి, కాస్త కండిషనర్ రాసి క్యాప్ పెట్టుకుంటే క్లోరిన్ తక్కువ పీలుస్తుంది. పొద్దున ఎనిమిది గంటల సెక్షన్ తీసుకోకండి. చలికాలంలో తడి జుట్టుతో పార్కింగ్ లాట్ దాటడం నరకం.

ఇంకొకటి. ప్రతి వేసవిలో మన తెలుగు పిల్లలు ఏదో లేక్‌లోనో జలపాతం దగ్గరో మునిగిపోయారన్న వార్త చదువుతూనే ఉన్నాం కదా. ట్రిప్‌కి వెళ్లిన గ్రూపులో ఒకడికైనా నీళ్లలో ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో తెలిస్తే బాగుండును అనిపిస్తుంది. మా క్లాసులో ఒక రోజంతా దాని మీదే పెట్టారు. మునిగేవాడి దగ్గరికి ఈదుకుంటూ వెళ్లొద్దు, వాడు నిన్ను కిందికి లాగుతాడు, కర్రో టవలో తాడో అందించు, తేలే వస్తువు ఏదైనా విసురు, 911కి ఫోన్ చెయ్. ఒక క్రెడిట్ డబ్బుకి అది ఎక్కువంటారా?

రెండో_షిఫ్ట్

అమ్మా, ఈత వద్దనలేదు. ఈత కొనే దుకాణం గురించి అన్నాను. వైఎంసీఏలో కూడా ఆ కర్ర సంగతే చెప్తారు.

బోస్టన్_అక్క

ఇక్కడ దీన్ని టైంపాస్ అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ, కొన్ని పెద్ద యూనివర్సిటీల్లో ఇది లేకుండా డిగ్రీ చేతికి రాదు. మా అమ్మాయి ఎంఐటీలో అండర్‌గ్రాడ్ చేసింది. అక్కడ నాలుగు ఫిజికల్ ఎడ్యుకేషన్ కోర్సులు పూర్తి చేయాలి, ఈత వచ్చని విడిగా రుజువు చేసుకోవాలి. ఆగకుండా 100 గజాలు ఈదాలి, లేదంటే బిగినర్స్ క్లాసులో కూర్చోవాలి. ఎంత గణితం వచ్చినా సరే. కోర్నెల్‌లో కూడా మొదటి ఏడాది పిల్లలకి స్విమ్ టెస్ట్ ఉంది, 75 గజాలు. కొలంబియా కాలేజీ వాళ్లకీ ఉంది, కానీ అదే యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పిల్లలకి లేదు. దాని మీద క్యాంపస్‌లో ఒక జోకు: మన్‌హట్టన్ దీవి మీద ప్రమాదం వస్తే మిగతావాళ్లు ఈదుకుంటూ పోవాలి, ఇంజనీర్లు వంతెన కట్టుకుని పోతారట.

ఎంఐటీలో ఇంకో సరదా ఉంది. విలువిద్య, కత్తిసాము, పిస్టల్ లేదా రైఫిల్, పడవ నడపడం, ఈ నాలుగూ పూర్తి చేస్తే పైరేట్ సర్టిఫికెట్ ఇస్తారు. 2011 నుంచి అధికారికంగానే ఇస్తున్నారు. మా అమ్మాయి మూడింటి దగ్గర ఆగిపోయింది, ఆ నాలుగోది ఎందుకు వదిలేశానా అని ఇప్పటికీ గొణుగుతుంది. ఉద్యోగం గురించి ఇంత గొణగగా నేను వినలేదు.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోవద్దు. మాసచూసెట్స్‌లోనే ఆమ్‌హెర్స్ట్ కాలేజీ 1861లోనే ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే వైద్యుణ్ణి ఆరోగ్యం, వ్యాయామ విద్యలకి ప్రొఫెసర్‌గా పెట్టుకుంది. చదువుకునే కుర్రాళ్లు కూర్చుని కూర్చుని జబ్బు పడుతున్నారని అప్పుడే బెంగపడ్డారు. ల్యాప్‌టాప్‌లు లేని కాలంలో!

పీడీ_మాస్టారు

నమస్కారం. కోస్తా జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పని చేస్తున్నాను. అమెరికా కబుర్లు చదువుతుంటే ముచ్చటేసింది. మన దగ్గర సంగతి కూడా రాద్దామని.

ఆంధ్రలో జేఎన్టీయూల ఆర్23 రెగ్యులేషన్ (2023 సిలబస్ నియమాలు) వచ్చాక బీటెక్ మొదటి ఏడాదిలో "హెల్త్ అండ్ వెల్‌నెస్, యోగా అండ్ స్పోర్ట్స్" అని పెట్టారు. వారానికి ఒక గంట ప్రాక్టికల్, 0.5 క్రెడిట్. దానికి జోడీగా ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, స్కౌట్స్, సమాజ సేవ కలిపి ఇంకో 0.5. మొత్తం బీటెక్ 160 క్రెడిట్లు. అందులో మా గ్రౌండుకి దక్కింది అర. అయినా నాకు సంతోషమే. ఇదివరకు మా పేరు మార్కుల మెమో మీదే ఉండేది కాదు. స్పోర్ట్స్ డే నాడు కుర్చీలు వేయించడానికి, ఫ్రెషర్స్ డేకి గేటు దగ్గర నిలబడడానికి గుర్తొచ్చేవాళ్లం.

కోడి రామమూర్తి నాయుడు గారిని అందరూ ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న మల్లుడిగానే తలుచుకుంటారు. సర్కస్ పెట్టకముందు ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారు. మా వృత్తి అంత పాతది. 1920లో మద్రాసులో హ్యారీ బక్ వైఎంసీఏ కాలేజీ పెట్టాక దక్షిణాదిలో మాకు పద్ధతైన చదువు కూడా వచ్చింది. రానిదల్లా పీరియడ్డే.

సెక్షన్_బి

సార్, మీ కాలేజీలో ఆ పీరియడ్ జరుగుతోందేమో. మా కాలేజీలో టైంటేబుల్‌లో శనివారం చివరి గంట అని రాసి ఉండేది. ఆ గంట ఎం-1 (మ్యాథ్స్) సార్ తీసుకునేవారు, సిలబస్ అవలేదని. సెమిస్టర్ చివర్లో అందరినీ గ్రౌండులో వరసగా నిలబెట్టి సూర్యనమస్కారాలు చేయించి ఫొటోలు తీశారు. రికార్డు సీనియర్స్ దగ్గర తెచ్చుకుని కాపీ కొట్టాం. బీఎంఐ కూడా వాళ్లదే రాసేశా, 58 కిలోలు అని. నా బరువు 81. వైవాలో అడిగిన ప్రశ్న, "కబడ్డీలో ఎంతమంది?" అందరికీ తొంభై పైన వచ్చాయి.

నిద్రలేని_కోడర్

81 కిలోల వాడు 58 అని రాసి వ్యాయామంలో తొంభై తెచ్చుకున్నాడు 😂 తమ్ముడూ నువ్వు కన్సల్టింగ్‌లోకి వచ్చేయ్.

పీడీ_మాస్టారు

నవ్వొచ్చినా బాధగానూ ఉంది నాయనా. ఎం-1 సార్‌ని మాత్రమే అనకు. ఒక కాలేజీలో మొదటి ఏడాదిలోనే పది పన్నెండు సెక్షన్లు ఉంటే పీడీ ఒక్కడే, మహా అయితే ఒక లేడీ పీడీ. సెక్షన్‌కి అరవై మంది. గ్రౌండు పార్కింగ్ అయిపోయి ఉంటుంది. నాలుగు వాలీబాల్స్‌తో అరవై మందికి గంటలో ఏం చేయిస్తాం? అమెరికాలో స్విమ్మింగ్ సెక్షన్‌కి పాతికమందిని కూడా పెట్టరనుకుంటా.

వరంగల్_పిల్ల

మా సెక్షన్‌లో అంతకంటే తక్కువే సార్, పైగా గట్టున లైఫ్‌గార్డ్ వేరే ఉండేవాడు.

డిగ్రీ_కాలేజీ_మేడమ్

తెలంగాణలో డిగ్రీ కాలేజీ లెక్చరర్ని. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన అండర్‌గ్రాడ్యుయేట్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో వాల్యూ యాడెడ్ కోర్సులకి 6 నుంచి 8 క్రెడిట్లు చెప్పారు. యోగా, ఆరోగ్యం, స్పోర్ట్స్ అండ్ ఫిట్‌నెస్ వాటి కిందే వస్తాయి. ప్రాక్టికల్‌కి ఒక క్రెడిట్ అంటే వారానికి రెండు గంటలు. కాగితం మీద బాగుంది. కానీ అదే బుట్టలో పర్యావరణం, డిజిటల్ విద్య, భారతదేశాన్ని అర్థం చేసుకోవడం కూడా ఉన్నాయి. ఏది పెట్టాలో కాలేజీలు ఎంచుకుంటాయి. గది, ప్రొజెక్టరు ఉంటే అయిపోయే కోర్సు ముందు గ్రౌండు కావాల్సిన కోర్సు ఎలా నెగ్గుతుంది?

ఐఐటీ బొంబాయిలో మొదటి ఏడాది పిల్లలు ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్ఓలలో ఒకటి తప్పనిసరిగా చేయాలి. ఎన్ఎస్ఓ అంటే ఆటలే. అక్కడ మార్కులు లేవు, పాస్ లేదా నాట్ పాస్. నాకు అదే మంచి పద్ధతి అనిపిస్తుంది. ఆటకి గ్రేడ్ ఎందుకండీ? పదో తరగతి దాకా గ్రౌండు మొహం చూడని పిల్ల, జిల్లా స్థాయిలో ఖో-ఖో ఆడిన పిల్ల ఒకే క్లాసులో ఉంటే ఎవరికి 'ఏ' గ్రేడ్ ఇస్తారు?

పీడీ_మాస్టారు

మేడమ్, మీరు మా వృత్తిలో అన్నిటికంటే పాత తగవుని తట్టి లేపారు.

నైపుణ్యం చూసి మార్కులు వేస్తే, చేరిన రోజుకే ఆట వచ్చినవాడికి 'ఏ' ఇచ్చినట్టు. వాడికి మేం నేర్పిందేమీ లేదు. హాజరు చూసి వేస్తే, చెట్టు కింద కూర్చుని ఫోన్ చూసుకున్నవాడికీ 'ఏ'. సరే, మెరుగుదల చూసి వేద్దామని ఒకసారి పూనుకున్నాను. కూపర్ టెస్ట్ అని ఉంది. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరిగెత్తగలరో కొలుస్తారు. 1968లో కెన్నెత్ కూపర్ అనే డాక్టరు అమెరికా వైమానిక దళం కోసం తయారు చేశాడు. సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పెట్టి తేడాకి మార్కులు అని ప్రకటించాను. మన పిల్లలు తెలివైనవాళ్లు కదా. మొదటి పరుగులో అందరూ పెళ్లి ఊరేగింపులో నడిచినట్టు నడిచారు. క్రికెట్ టీమ్ ఫాస్ట్ బౌలర్ కూడా! చివర్లో చూస్తే అందరికీ బ్రహ్మాండమైన ప్రగతి.

ఆ తర్వాత మార్చాను. ఇప్పుడు మొదటి పరుగు మార్కుల సంగతి చెప్పకుండానే పెడతాను. ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటుపుస్తకంలో వారం వారం ఏం చేశారో, నాడి ఎంత కొట్టుకుందో రాయాలి. మణికట్టు మీద వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం మొదటి వారంలోనే నేర్పుతాను. నోటుపుస్తకంలో అబద్ధాలు రాస్తారు, తెలుసు. అందుకే వైవాలో "కబడ్డీలో ఎంతమంది" అని అడగను, "పరిగెత్తాక నీ నాడి ఎంత, ఇప్పుడు పరిగెత్తి చూపించు" అంటాను. 58 అని రాసిన నాయన నా దగ్గర దొరికిపోయేవాడు.

పాస్-నాట్ పాస్ సంగతి ఒప్పుకోను మేడమ్. మన ఇళ్లలో గ్రేడ్ లేనిదాన్ని సబ్జెక్టు అనరు. "అది పాసైతే చాలు కదా, ఆ టైంలో కోడింగ్ చూసుకో" అంటారు. ఆ అర క్రెడిట్‌కి మార్కులు ఉన్నాయనే కొంతమంది పిల్లలు గ్రౌండుకి వస్తున్నారు, ఇంకే కారణమూ లేదు.

డిగ్రీ_కాలేజీ_మేడమ్

మార్కుల కోసం వచ్చినవాళ్లు మార్కులు పడ్డాక మళ్లీ వస్తున్నారా మాస్టారూ? నాకు అనుమానమే. నోటుపుస్తకం ఆలోచన మాత్రం బాగుంది, మా పీడీ గారికి చెప్తాను.

మోకాలు_మొరాయిస్తోంది

నా చిన్న ప్రశ్న మధ్యలో. ఇక్కడ బ్యాచిలర్స్ చేస్తున్నాను. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయింది. మా డిగ్రీకి ఒక యాక్టివిటీ కోర్సు తప్పనిసరి. మినహాయింపు అడగాలా?

రిజిస్ట్రార్_పక్క_సీటు

మినహాయింపు ఆఖరున అడుగు. ముందు డిసెబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకి డాక్టర్ కాగితం ఇవ్వు. వాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌కి లెటర్ ఇస్తారు, నీకు పనికిరాని కదలికల బదులు వేరేవి పెట్టాలి. చాలా చోట్ల అడాప్టెడ్ సెక్షన్ అని వేరేగానే ఉంటుంది. సెమిస్టర్ మొదలయ్యేముందే చెయ్. మధ్యలో ఇచ్చిన లెటర్ అంతకుముందు పోయిన మార్కులకి వర్తించదు.

అమలాపురం_అబ్బాయి

జవాబులు వచ్చాయి. గ్రాడ్యుయేట్ స్కూలు వాళ్లు ఏ స్థాయి క్రెడిట్ అయినా ఫుల్ టైమ్ లెక్కకి ఒప్పుకుంటారట, డిగ్రీ ప్లాన్‌లో మాత్రం చేరదు. ఇంటర్నేషనల్ ఆఫీసు కూడా అదే రాసింది, మెయిల్ దాచుకున్నాను. ప్రొఫెసర్ గారిని ప్రాజెక్టు 3కి పెంచమని కూడా అడిగాను. "పెంచుతాను, పని కూడా పెరుగుతుంది" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు చూశాక స్విమ్మింగే మేలనిపించింది. రెండో షిఫ్ట్ అన్నా, మాది రాష్ట్రం లోపలి రేటే, చిన్న స్కాలర్‌షిప్‌తో ఆ రేటు ఇచ్చారు. అందుకే ధైర్యం చేస్తున్నాను. మధ్యాహ్నం సెక్షన్ వెయిట్‌లిస్ట్‌లో ఉంది, నంబరు 2.

రెండో_షిఫ్ట్

రాష్ట్రం లోపలి రేటని ముందే చెప్పొచ్చుగా. అయితే వెళ్లు. కానీ వెయిట్‌లిస్ట్‌ని నమ్ముకుని ఊరుకోకు. యాడ్-డ్రాప్ (కోర్సులు చేర్చుకునే, వదులుకునే) గడువు దాటేలోపు సీటు రాకపోతే 8 మీదే ఉండిపోతావు. ఇంకో ఒక్క క్రెడిట్‌ది ఏదైనా, యోగా అయినా సరే, ఇప్పుడే రిజిస్టర్ చేసి పెట్టుకో. స్విమ్మింగ్ రాగానే మార్చుకోవచ్చు.

అమలాపురం_అబ్బాయి

యోగాలో చేరి పెట్టాను. ఇంకో సందేహం, నాకు కళ్లద్దాలు మైనస్ 4. అద్దాలు తీస్తే ఇన్‌స్ట్రక్టర్ చేతులు కూడా కనబడవు. లెన్సులు పెట్టుకుని దిగొచ్చా?

వరంగల్_పిల్ల

లెన్సులతో వద్దు తమ్ముడూ, పూల్ నీళ్లలో లెన్సులు పెట్టుకుంటే కంటికి ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. పవర్ ఉన్న గాగుల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, రెండు కళ్లకీ ఒకటే పవర్ అయితే ఇంకా చవక. పొగ పట్టకుండా ఉండేవి తీసుకో. లాకర్‌కి తాళం వాళ్లివ్వరు, నీదే తీసుకెళ్లు. రాత్రికి వేసి వదిలేస్తే కోసి పారేస్తారు.